సెకండ్ హ్యాండ్ పికప్ కొంటున్నారా? ముందు బండి కింద దూరండి

ఇవాళ లైట్లు లేవు, మైకు ఒక్కటే ఉంది. ఏలూరు నుంచి కైకలూరు వెళ్ళే రోడ్డు మీద ఒక టీ కొట్టు దగ్గర కూర్చుని మాట్లాడుతున్నాను. టైం ఉదయం ఆరూ ఇరవై. నా వెనకాల కొల్లేరు ఉంది. మీకు కనబడట్లేదు కదా? నాకూ కనబడట్లేదు. అంతా మంచు. మా బావ చేపల లోడుతో ఇటే వస్తున్నాడు. ఆయన వచ్చేలోపు ఈ ఎపిసోడ్ అవగొట్టేయాలి.

సబ్జెక్టు ఏంటంటే, సెకండ్ హ్యాండ్ పికప్. చలికాలంలో ఈ రోడ్ల మీద తిరగాలి, లోడు మోయాలి, అవసరమైతే దేన్నైనా వెనక కట్టి లాగాలి. అలాంటి బండి ఎలా చూసుకోవాలి?

దీని మీద ఫోన్లో వెతికితే వచ్చేవన్నీ అమెరికా వీడియోలే. మంచులో ఫోర్ బై ఫోర్, పడవ కట్టిన ట్రైలరు, గడ్డకట్టిన డీజిలు. చూడ్డానికి బావుంటాయి. మనకి అందులో సగం పనికిరాదు. మన దగ్గర చలికాలంలో డీజిలు గడ్డకట్టదు, స్వెట్టరు వేసుకుంటే సరిపోయే చలి. మన చలికాలం అంటే పొగమంచు, మంచుకి తడిసి సబ్బులా జారే చెరువు గట్టు, వానాకాలంలో వచ్చిన వరద బండి లోపల వదిలేసి వెళ్ళిన తడి. ఈ మూడూ ఆ వీడియోల్లో ఉండవు.

మూడోది నాకెలా తెలిసిందో ముందు చెప్తాను. పరువు పోయినా పర్లేదు, చెప్పాలి.

2024 సెప్టెంబర్ ఒకటో తారీకు మీకు గుర్తుండే ఉంటుంది. బుడమేరు పొంగి విజయవాడలో సింగ్ నగర్, ఆ చుట్టుపక్కల కాలనీలు మునిగిపోయాయి. మనుషులు మేడల మీద ఉన్నారు, బళ్ళు మాత్రం వీధుల్లోనే ఉండిపోయాయి. రోజుల తరబడి నీళ్ళలో. బైకులు, ఆటోలు, కార్లు, చిన్న ట్రక్కులు, అన్నీ. ఆ బుడమేరు నీళ్ళు చివరికి ఎక్కడికి వస్తాయి? కొల్లేరుకే. అప్పుడు మా ఈ రోడ్డు కూడా మునిగి రాకపోకలు ఆగిపోయాయి. నీళ్ళు ఉప్పుటేరు మీదుగా సముద్రంలోకి పోయాయి గానీ, ఆ మునిగిన బళ్ళన్నీ ఏమయ్యాయి? కొన్నిటికి ఇన్సూరెన్స్ వాళ్ళు టోటల్ లాస్ కట్టి వేలానికి పెడతారు. కొన్నిటిని ఓనర్లే కడిగించి అమ్ముకుంటారు. ఇదేం నేరం కాదు. మునిగిన బండని చెప్పి, దానికి తగ్గ రేటుకి అమ్మితే. చెప్పకుండా అమ్మితేనే సమస్య.

ఆ డిసెంబర్లో మా బావ బండి కొన్నాడు. మా బావకి కైకలూరు పక్క ఊళ్ళో లీజుకి తీసుకున్న చెరువులున్నాయి. అప్పటిదాకా బాడుగ బండే. సంక్రాంతి సీజన్లో బాడుగ బళ్ళు దొరకవు, దొరికినా చెప్పిన రేటు ఇవ్వాలి. అందుకని సొంత బండి అనుకున్నాడు. నాలుగు లక్షల అరవై వేలు. అందులో మూడు లక్షలు అప్పు, మా అక్క గాజులు బ్యాంకులో పెట్టి తెచ్చింది. ఒక డీలరు దగ్గర చూశాడు. పేరు అనవసరం. బండి మెరిసిపోతోంది. కొత్త సీటు కవర్లు, కొత్త మ్యాట్లు, డాష్‌బోర్డు మీద పాలిష్, లోపల సెంటు వాసన.

బావ నన్ను తీసుకెళ్ళాడు. "ఏరా బామ్మర్దీ, బళ్ళ వీడియోలు తీస్తావు కదా, వచ్చి చూడు" అన్నాడు. నేను పోజు కొడుతూ బానెట్ ఎత్తాను. ఇంజన్ సౌండ్ విన్నాను. ఒక రౌండ్ నడిపాను. "బంగారంలా ఉంది బావా, తీసుకో" అన్నాను.

ఇరవై రోజులకి, ఇలాంటి మంచులోనే, ఈ రోడ్డు మీదే లోడుతో ఆగిపోయింది. అటూ ఇటూ చెరువులు, ముందు ఏమీ కనబడదు, బండికి లైట్లు కూడా లేవు, కరెంటు మొత్తం పోయింది. వెనక వచ్చే లారీ గుద్దుతుందేమోనని బావ, డ్రైవరు ఫోన్ టార్చులు ఊపుకుంటూ నిలబడ్డారు. ఇంకో బండి వచ్చేసరికి ఎండెక్కింది. ఐస్ కరిగింది, సరుకుకి రేటు పడిపోయింది. మెకానిక్ డాష్‌బోర్డు విప్పితే లోపల ఎండిన బురద. కనెక్టర్లకి పచ్చగా చిలుము పట్టేసి ఉంది. వైరింగ్ మార్చి, కంప్యూటర్ బోర్డు మార్చి, సెల్ఫ్ మోటారు మార్చి ఎనభై వేల పైన అయింది. తర్వాత కూడా కుదురుగా లేదు. చివరికి నష్టానికి అమ్మేశాడు. మునిగిన బండని చెప్పే అమ్మాడు. మా బావ నన్ను ఒక్క మాట అనలేదు. మా అక్క అంది.

సరే. ఆ రోజు నేను చూడకుండా వదిలేసినవేంటో ఇప్పుడు చెప్తాను.

మునిగిన బండిని కడగొచ్చు గానీ, దాని మూలమూలల్లోకి వెళ్ళి కడగలేరు. ముందు సీటు బెల్టు. పూర్తిగా చివరిదాకా లాగండి. మామూలుగా ఎవరూ అంతవరకు లాగరు, కాబట్టి ఎవరూ కడగరు. చివర మట్టి మరక, గీత పెట్టినట్టు ఉందా? నీళ్ళు అక్కడిదాకా వచ్చాయి. రెండోది, సీటు కింద పట్టాలు, వాటి బోల్టులు. పైన కవరు కొత్తది, కింద బోల్టులు తుప్పు అంటే లెక్క తేడా ఉన్నట్టే. మ్యాట్ ఎత్తి కింద చెయ్యి పెట్టి తడి చూడండి. ఫ్యూజు బాక్సు మూత తీసి పిన్నుల మీద చిలుము చూడండి. హెడ్‌లైట్ అద్దం లోపల నీటి చారలు, ఎయిర్ ఫిల్టర్ డబ్బా అడుగున ఒండ్రు మట్టి, ఇవన్నీ సాక్ష్యాలే. ఇక సెంటు వాసన ఎక్కువగా వస్తోందంటే, కిటికీలు మూసేసి పది నిమిషాలు లోపల కూర్చోండి. సెంటు వెనకాల మగ్గిన గోనెసంచి వాసన తగులుతుంది.

తర్వాత నూనెలు. గేర్ బాక్సు, వెనక హౌసింగ్, ఈ రెండిటికీ గాలి పోవడానికి చిన్న బ్రీదర్లు ఉంటాయి. వేడిగా ఉన్న హౌసింగ్ చల్లటి నీళ్ళలో దిగితే లోపలి గాలి కుంచించుకుపోయి, ఆ బ్రీదర్ నుంచో సీలు నుంచో నీళ్ళని లోపలికి పీల్చుకుంటుంది. నూనెలో నీళ్ళు కలిస్తే పాలు ఎక్కువైన టీ రంగు వస్తుంది. మెకానిక్‌ని తీసుకెళ్ళి, హౌసింగ్ నట్టు కొంచెం వదులు చేసి నాలుగు చుక్కలు తీయించండి. అమ్మేవాడు వద్దంటే, మీరూ ఆ బండి వద్దనండి.

ఇంజన్ సంగతి ఇంకా ముఖ్యం. గాలి పీల్చే గొట్టంలోంచి సిలిండర్లోకి నీళ్ళు వెళ్ళాయనుకోండి, అప్పుడు సెల్ఫ్ కొడితే పిస్టన్ పైకి వచ్చి నీళ్ళని నొక్కుతుంది. గాలి నలుగుతుంది గానీ నీళ్ళు నలగవు. కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. కొంచెం వంగిన రాడ్‌తో కూడా బండి నెలల తరబడి నడవచ్చు, తర్వాత ఒక రోజు బద్దలవుతుంది. అందుకే మీ బండి ఎప్పుడైనా వరదలో ఆగిపోతే మళ్ళీ సెల్ఫ్ కొట్టకండి. నెట్టుకుని బయటికి తెచ్చి మెకానిక్‌కి అప్పజెప్పండి.

ఇదంతా వరద నీళ్ళ గురించి. మా ప్రాంతంలో ఇంకో రకం నీళ్ళున్నాయి, అవి రోజూ కొంచెం కొంచెం తింటాయి. చేపల పెట్టెల్లోంచి కారే ఐస్ నీళ్ళు. రొయ్యలైతే ఇంకా ఘోరం, ఉప్పు నీళ్ళు. భీమవరం వైపు వెనామీ చెరువుల దగ్గర తిరిగిన బళ్ళని చూడండి, పైన రేకు బాగానే ఉంటుంది. కిందకెళ్తే చాసిస్ మీద బాడీని కూర్చోబెట్టే చోట, కమాన్ పట్టీల షాకిళ్ళ దగ్గర, బ్రేకు పైపుల మీద పొరలు పొరలుగా తుప్పు. కొత్తగా నల్ల రంగు కొట్టి కప్పెడతారు. రంగుని నమ్మకండి. చిన్న సుత్తితోనో స్పానర్‌తోనో కొట్టుకుంటూ వెళ్ళండి. మంచి ఇనుము ఖంగుమంటుంది. తుప్పు తిన్నది డబ్బుమని చచ్చిన సౌండ్ ఇస్తుంది.

కింద దూరడానికి మొహమాటమైతే ఫోన్ ఉంది కదా. టార్చ్ వేసి, వీడియో ఆన్ చేసి, చేత్తో కిందకి పెట్టి ముందు నుంచి వెనక్కి నెమ్మదిగా తిప్పండి. తర్వాత నీడలో కూర్చుని ఆపి ఆపి చూడండి. సెల్ఫీ దిగే ముందు ఈ వీడియో తీయండి బ్రదర్.

అందుకే నేను ఇప్పుడు బండి ఏ మోడల్ అని అడిగే ముందు, ఇన్నాళ్ళూ ఏం మోసిందని అడుగుతున్నాను. పొడి సరుకు మోసిన బండి వేరు, తడి సరుకు మోసిన బండి వేరు. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్ మీకు తెలుసుగా. అక్కడ తిరిగే బళ్ళు చూడ్డానికి అసహ్యంగా ఉంటాయి. పక్కలన్నీ సొట్టలు, లోపలంతా ఉల్లి పొట్టు. కానీ కింద ఇనుము పొడిగా ఉంటుంది. ఒక చిక్కు కూడా ఉంది, ఉల్లిపాయల బండికి ఓవర్‌లోడ్ అలవాటు. వెనక కమాన్ పట్టీలు వంపు పోయి తిన్నగా అయిపోయాయా, కంపెనీ ఇచ్చిన పట్టీలకి అదనంగా ఎక్కించారా చూడండి. పట్టీలు మార్చుకోవచ్చు, విజయవాడ ఆటోనగర్ ఉండనే ఉంది. తుప్పు పట్టిన చాసిస్‌ని ఏ ఆటోనగర్ కొత్తది చేయలేదు.

ఇప్పుడు లోడు. ఎంత పెద్ద బండి కావాలి? ఇక్కడ కుర్రాళ్ళందరూ చేసే పొరపాటు ఒకటుంది, నీళ్ళ బరువు లెక్క వేయరు. బతికిన చేపల్ని గానీ సీడ్‌ని గానీ ట్యాంకులో తీసుకెళ్ళాలనుకోండి. వెయ్యి లీటర్ల ట్యాంకు అంటే నీళ్ళే వెయ్యి కిలోలు. ట్యాంకు, దాని ఫ్రేము, ఆక్సిజన్ సిలిండరు కలిపి ఇంకో రెండొందలు వేసుకోండి. చేపలు ఒక నూట యాభై. మొత్తం 1350 కిలోలు, ఇందులో మనుషులు లేరు. 2005లో వచ్చిన టాటా ఏస్ పల్లెటూళ్ళలో బాడుగ వ్యాపారాన్నే మార్చేసింది, కాదనను. కానీ దాని మోత 750 కిలోలు. ఐదొందల లీటర్ల ట్యాంకు దగ్గరే దాని పని అయిపోతుంది. 2011లో వచ్చిన అశోక్ లేలాండ్ దోస్త్ ఒకటింపావు టన్ను. ఇంట్రా వీ30 దీ 1300 కిలోలు. మన లెక్కకి ఇవి కూడా బోర్డర్ దాటిపోయాయి. బొలెరో పికప్‌లో 1.7 అని ఉండేది 1700 కిలోలు, అది సరిపోతుంది. అదే పేరుతో 1.3 కూడా తిరుగుతుంటుంది, రెండూ పక్కపక్కన పెడితే చాలామందికి తేడా తెలియదు. అందుకని స్టిక్కరు చూడకండి. ఆర్సీలో మొత్తం బరువు, ఖాళీ బరువు రెండూ ఉంటాయి. మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే మీ బండి మోత.

ఫోర్ బై ఫోర్ కావాలని కొందరికి మోజు. ఇసుజు డీ-మ్యాక్స్ వాళ్ళ ఫ్యాక్టరీ మన శ్రీసిటీలోనే ఉంది, 2016 నుంచి. వాళ్ళదే వీ-క్రాస్ ఫోర్ బై ఫోర్ వస్తుంది, గట్టు మీద మంచి బండే. సెకండ్ హ్యాండ్‌లో కూడా దాని రేటుకి చేపలు మోసి గిట్టుబాటు చేయడం కష్టం. పెళ్ళిచూపులకి అయితే ఓకే.

బరువు మించితే ఏమవుతుంది? 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ కింద జరిమానా 20,000 రూపాయలు, ఆపైన మించిన ప్రతి టన్నుకీ 2,000. పైగా అదనపు సరుకు అక్కడే దించమంటారు. మే నెల ఎండలో రోడ్డు పక్కన చేపలు దించితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. ఇంకో ముక్క. ట్యాంకు సగం నింపి తీసుకెళ్తే సేఫ్ అనుకుంటారు. తప్పు. సగం ట్యాంకులో నీళ్ళు అటూ ఇటూ ఊగుతాయి, మలుపులో బండిని తన్నేస్తాయి. లోపల అడ్డ పలకలున్న ట్యాంకే తీసుకోండి.

లాగడం గురించి చెప్పకముందు అది ఎందుకు అవసరమో చెప్పాలి, ఎందుకంటే అది కూడా ఈ మంచుతోనే ముడిపడి ఉంది. రాత్రిపూట చెరువులో నాచు ఆక్సిజన్ తయారు చేయదు, పైగా వాడుకుంటుంది. అందుకే తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువ. ఎండ వస్తే మళ్ళీ పెరుగుతుంది. మంచు పట్టి తొమ్మిదింటి దాకా ఎండ రాలేదనుకోండి, చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి. అదే టైంలో కరెంటు పోయిందా, ఇక పరుగే. ఏరియేటర్లు తిప్పడానికి జనరేటర్ కావాలి. అది ఇంకో చెరువు దగ్గర చక్రాల మీద ఉంటుంది. దాన్ని దొరికిన బండికి కట్టి లాక్కొస్తారు. అంటే మంచు దట్టంగా ఉండి, గట్టు జారుతుండి, మనిషి కంగారులో ఉన్నప్పుడే లాగడం జరుగుతుందన్నమాట.

నా మాట అడిగితే, ఆ పని ట్రాక్టర్‌కి వదిలేయండి. ట్రాక్టర్ పుట్టిందే లాగడానికి. మన చిన్న పికప్పులు మోయడానికి చేసినవి. వెనక బంపర్‌కి వెల్డింగ్ చేయించిన కొక్కెం ఉన్నంత మాత్రాన అది లాగే బండి అయిపోదు. ట్రైలర్‌కి వేరే రిజిస్ట్రేషన్ ఉండాలి, దాని లైట్లు దానికి ఉండాలి. ఏదీ లేకుండా మెయిన్ రోడ్డెక్కి యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాళ్ళు ముందు అడిగేది అదే.

అయినా లాగక తప్పని రోజు వస్తుంది, గట్టు మీద ఇరుక్కున్న వేరే బండినైనా. అప్పుడు మోకు కట్టేది చాసిస్‌కి కంపెనీ ఇచ్చిన హుక్కుకి, బంపర్‌కి కాదు, యాక్సిల్‌కి అసలే కాదు. గొలుసు కంటే మంచి నైలాన్ మోకు నయం. గట్టిగా లాగినప్పుడు తెగితే ఏదైనా వెనక్కి కొడుతుంది, గొలుసైతే ప్రాణం తీస్తుంది. మోకు మధ్యలో తడి గోనె వేయండి, తెగినా దాని బరువుకి కొంత కింద పడుతుంది. జనాన్ని దూరంగా నిలబెట్టండి. మన ఊళ్ళో ఇరుక్కున్న బండి చుట్టూ పది మంది సలహాదారులు ఉంటారు, ముందు వాళ్ళని పంపేయండి.

ఇంకొకటి, ఖాళీ పికప్ తడి గట్టు మీద ఎందుకు జారుతుందో తెలుసా? ఇంజన్ ముందు ఉంది, బలం వెనక చక్రాలకి వెళ్తుంది, వెనకేమో బరువు లేదు. మా నల్లమట్టి మీద అరంగుళం తడి ఉన్నా చక్రం అక్కడే తిరుగుతుంది. నాలుగు తవుడు బస్తాలు వెనక యాక్సిల్ మీద పడేలా వేసుకుని, రెండో గేర్లో, యాక్సిలరేటర్ తొక్కకుండా నెమ్మదిగా కదిలించండి. బటన్ వేయించిన టైర్లు వెనక ఉంటే ఆ బండికి కొత్త టైర్ల రేటు తగ్గించి బేరం ఆడండి. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. 2322 అని ఉంటే 2022లో ఇరవై మూడో వారంలో తయారైంది అని.

లాగుడు పనికి వాడేసిన బండి క్లచ్‌లో దొరికిపోతుంది. చదునైన చోట హ్యాండ్ బ్రేక్ గట్టిగా వేసి, మూడో గేర్ వేసి, నెమ్మదిగా క్లచ్ వదలండి. ఇంజన్ వెంటనే ఆగిపోవాలి. ఆగకుండా గుర్రుమంటూ తిరుగుతుంటే క్లచ్ ప్లేట్ అయిపోయింది. ఒక్కసారి చేస్తే చాలు, పదిసార్లు చేసి వాళ్ళ బండి పాడు చేయకండి.

ఇక చలికాలంలో ఒక లాభం ఉంది. బండి చూడ్డానికి ఇదే మంచి సీజన్. పొద్దున్నే, స్టార్ట్ చేయకముందే వెళ్ళండి. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే, మీరు రాకముందే తిప్పేశారని అర్థం. రేపు వస్తామని చెప్పి వచ్చేయండి. చల్లటి ఇంజన్ నిజం చెప్తుంది. స్టార్ట్ అవగానే తెల్లటి ఆవిరి కొంచెం వచ్చి పోతే మామూలే. తెల్ల పొగ ఆగకుండా వస్తే కూలెంట్ లోపలికి వెళ్తోందేమో, ఇంజెక్టర్ తేడానేమో. నీలం పొగ అంటే ఇంజన్ ఆయిల్ తాగుతోంది. నల్ల పొగ అంటే డీజిల్ సరిగ్గా కాలట్లేదు. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీయండి, బుసబుసా పొగ తన్నుతుంటే బ్యాక్ కంప్రెషన్, ఇంజన్ పనికి వచ్చినట్టే.

బీఎస్ 6 బండా, అంతకుముందు బీఎస్ 4 బండా? 2020 ఏప్రిల్ నుంచి కొత్తవన్నీ బీఎస్ 6. డీపీఎఫ్ ఫిల్టర్ ఉన్న బండైతే ఒక్క మాట గుర్తు పెట్టుకోండి. అది తనలో పేరుకున్న మసిని కాల్చుకోవాలంటే కాసేపు మంచి స్పీడులో వెళ్ళాలి. రోజంతా గట్ల మీద ఫస్టు, సెకండు గేర్లలోనే తిరిగితే మసి నిండిపోయి వార్నింగ్ లైటు వెలుగుతుంది. వారానికోసారైనా హైవే ఎక్కించండి. హైవే మన పక్కనే కదా, ఏలూరు నుంచి గూడెం దాకా వెళ్ళొస్తే చాలు. డీజిల్ ఫిల్టర్ కింద నీళ్ళు వదిలే మర కూడా ఉంటుంది, దాన్ని నెలకోసారైనా వదలండి.

మంచులో నడపడం గురించి రెండు మాటలు. హై బీమ్ వేస్తే ఎక్కువ కనబడుతుంది అనుకుంటాం. మంచంటే గాల్లో వేలాడే నీటి బొట్లు, ఆ వెలుతురు వాటికి తగిలి మన కళ్ళలోకే తిరిగొస్తుంది, తెల్ల గోడ కట్టినట్టు. డిమ్‌లోనే వెళ్ళండి. ఫాగ్ ల్యాంపులు పసుపా తెలుపా అన్నది పెద్ద విషయం కాదు, కిందకి బిగించారా లేదా అన్నదే విషయం. టాపు మీద బిగిస్తే దండగ. లోపల అద్దం ఆవిరి పడితే గుడ్డతో తుడవడం మానేసి బ్లోయర్ వేసి కిటికీ కొంచెం దించండి. అందుకే కొనేటప్పుడే బ్లోయర్, వైపర్లు పని చేస్తున్నాయో లేదో చూడాలి. డిసెంబర్లో బండి కొంటూ కూడా వైపర్ వేసి చూసేవాణ్ణి నేను ఇప్పటిదాకా ఒక్కణ్ణి చూశాను. అతను స్కూలు బస్సు డ్రైవరు.

మీకు కనబడటం ఎంత ముఖ్యమో, మీరు కనబడటమూ అంతే ముఖ్యం. చేపల బళ్ళకి వెనక లైట్ల మీద ఎప్పుడూ బురద. తుడుచుకోండి. వెనక ఎరుపు, పక్కలకి పసుపు రిఫ్లెక్టర్ టేపు అంటించండి. బావ బండి ఆగిపోయిన రోజు కరెంటు లేకపోయినా ఆ టేపు ఉండి ఉంటే, వెనకొచ్చే లైటుకి అదే మెరిసేది.

కాగితాలు. ఇది బోరు కొడుతుంది, కానీ ఇక్కడే ఎక్కువమంది మునుగుతారు. నంబరు చూసి ఏ జిల్లా బండో చెప్పేసే రోజులు పోయాయి. అప్పట్లో ఏపీ 37 అంటే పశ్చిమ గోదావరి, ఏపీ 16 అంటే కృష్ణా. 2019 నుంచి రాష్ట్రం మొత్తానికి ఏపీ 39 పెట్టేశారు. కాబట్టి ఆర్సీలో అడ్రసు చదవండి. వరద వచ్చిన ఏరియా అయితే ఇంకో గంట ఎక్కువ చూడండి. పాత ఇన్సూరెన్స్ పాలసీ అడగండి. అందులో నో క్లెయిమ్ బోనస్ అని ఉంటుంది. బండి ఐదేళ్ళది, బోనస్ సున్నా అంటే మధ్యలో ఏదో క్లెయిమ్ చేశారేమో అడగాలి. ఎం పరివాహన్ యాప్‌లో నంబరు కొడితే ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉన్నాయో వస్తుంది. ఫైనాన్స్ ఉంటే ఫారం 35 మీద ఫైనాన్స్ వాళ్ళ సంతకం లేకుండా డబ్బు ఇవ్వకండి. పసుపు బోర్డు బండికి ఎనిమిదేళ్ళ దాకా రెండేళ్ళకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. అంటే ఏడున్నరేళ్ళ బండి చవగ్గా వస్తోందంటే, వచ్చే ఏడాది నుంచి ఖర్చు ఏటా ఉంటుందని లెక్క వేసుకోండి. డ్రైవింగుకి మామూలు కారు లైసెన్స్ చాలు. 7,500 కిలోల లోపు రవాణా వాహనం ఎల్ఎంవీ లైసెన్స్‌తో నడపొచ్చని 2024 నవంబర్లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కూడా తేల్చేసింది.

అమ్మేవాళ్ళకీ ఒక మాట. ఫారం 29, 30 మీద సంతకం పెట్టి వదిలేసి, ఇక నాకు సంబంధం లేదనుకుంటారు. రికార్డులో పేరు మారేదాకా బండి మీదే. ఆ మధ్యలో ఎవరినైనా గుద్దితే పరిహారం మీ మెడకే. నవీన్ కుమార్ కేసులో 2018లో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. బావ ఆ పాడు బండి అమ్మినప్పుడు నేను దగ్గరుండి పేరు మార్పించాను. ఆ ఒక్క పనైనా సరిగ్గా చేశాను.

తర్వాత ఏం కొన్నాడంటారా? గూడెంలో ఉల్లిపాయల బండే. 1.7. ఎడమ డోరు సొట్ట, టాపు మీద రంగు పోయింది, లోపల సీటు చిరిగి స్పాంజి బయటికొచ్చింది. ఈసారి నేను బానెట్ ఎత్తలేదు. చాప వేయించుకుని ముందు కింద దూరాను. అరగంట ఉన్నాను. ఓనరు "ఏంటండీ, నిద్రపోయారా?" అని అడిగాడు. కమాన్ పట్టీలు రెండు మార్పించాం, క్లచ్ వేయించాం, ఆ ఖర్చు బేరంలో తగ్గించుకున్నాం. చేపలు మోస్తుంది కాబట్టి లోపల రేకు మీద మందపాటి షీటు పరిపించి, నీళ్ళు చాసిస్ మీద పడకుండా వెనక్కి పోయేలా చిన్న గొట్టం పెట్టించాం. దించిన ప్రతిసారీ మంచి నీళ్ళతో కింద కడుగుతున్నాడు. సొట్ట మాత్రం అలాగే ఉంది. మా అక్క గాజులు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి, ఈ పట్టుబడికి విడిపిస్తానంటున్నాడు.

అదిగో, డిమ్ లైట్లు కనబడుతున్నాయి. కింద పసుపు రెండు. బావే. ఐస్ కరిగిపోతుంది, పది నిమిషాలు కూడా ఆగడు. నేను కూడా ఎక్కి వెళ్ళిపోతాను. ఉంటానండి.